డాక్యుమెంటేషన్ రాద్దాం – 4వ పాఠం: ఎడిటర్ ఎంపిక

పోయిన పాఠంలో మార్క్‌డౌన్‌లో (మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులు పెట్టి పత్రం రాసే పద్ధతి) హెడింగ్‌లు, లిస్టులు, కోడ్ బ్లాకులు అయిపోయాయి. ఇప్పుడు వాటిని ఎక్కడ కూర్చుని రాయాలో చూద్దాం. ఋషికొండ ఐటీ కంపెనీలో పనిచేసేవాళ్లయినా, మధురవాడ హాస్టల్లో ప్రాజెక్టు రిపోర్టు రాసుకునేవాళ్లయినా ముందుగా అడగాల్సింది ఒకటే: రాసిన ఫైలు ఎక్కడుంటుంది? థీములూ రంగులూ తర్వాత.

బ్రౌజర్‌లోనే నడిచే మార్క్‌డౌన్ ఎడిటర్ స్టాక్‌ఎడిట్‌లో లాగిన్ అవ్వకుండా రాస్తే ఆ రాతంతా బ్రౌజర్ స్టోరేజీలోనే ఉంటుంది. సొంత ల్యాప్‌టాప్ అయితే హాయే, నెట్ పోయినా పని సాగుతుంది. అదే ద్వారకానగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ సిస్టమ్ మీదో రాసి వచ్చేశారనుకోండి, తర్వాత కూర్చున్నవాళ్లు సైట్ డేటా క్లియర్ చేస్తే ఇక దొరకదు. గూగుల్ డ్రైవ్‌కో గిట్‌హబ్‌కో (కోడ్, పత్రాలు దాచుకునే సైటు) సింక్ పెట్టుకోండి, లేదా లేచేముందు ఫైలు డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక ఆ పత్రాన్ని జనం చదివేది ఎక్కడ? 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్‌ను విడుదల చేసినప్పుడు అందులో టేబుళ్లకు గుర్తులే లేవు. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు చేర్చుకున్నారు. అందుకే ప్రివ్యూలో ముచ్చటగా కనబడ్డ టేబుల్ మీ సైటులో నిలువు గీతల గందరగోళంగా తేలొచ్చు. ఎంటర్ కొట్టడం కూడా ఇంతే. గిట్‌హబ్ కామెంట్లలో ఒక్క ఎంటర్‌కే లైను మారుతుంది, అదే గిట్‌హబ్‌లోని మార్క్‌డౌన్ ఫైల్లో రెండు లైన్లూ కలిసిపోతాయి. పత్రం చివరికి గిట్‌హబ్‌లోనే ఉండేదైతే వేరే ఎడిటర్ ఎందుకు? లాగిన్ అయి, రిపాజిటరీ (మీ ప్రాజెక్టు ఫైళ్లుండే చోటు) పేజీలో చుక్క (.) మీట నొక్కండి, బ్రౌజర్‌లోనే వీఎస్ కోడ్ అనే ఎడిటర్ తెరుచుకుంటుంది. నా ఓటు దానికే. నలుగురూ ఒకేసారి దిద్దాలంటే మాత్రం హ్యాక్‌ఎమ్‌డీ అనే ఆన్‌లైన్ ఎడిటర్ మేలు.

కంపెనీ పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (ఒక ప్రోగ్రాము ఇంకో సర్వీసును వాడుకోడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) ఉన్న పత్రాన్ని బయటి ఎడిటర్‌లో పేస్ట్ చేయొద్దు. మేనేజర్ ఒప్పుకున్నా సరే, కీలు తీసేశాకే.

అభ్యాసం: సిటీ బస్సు స్టాపుల టేబుల్ ఒకటి రాయండి. జగదాంబ, సిరిపురం, మద్దిలపాలెం, హనుమంతవాక చాలు. పైన ‘విశాఖపట్నం’ అని హెడింగ్, కింద ఒక కోడ్ బ్లాక్ పెట్టండి. దాన్నే రెండు ఎడిటర్లలో పేస్ట్ చేసి పీడీఎఫ్ తీయండి. ‘ట్నం’ దగ్గర వత్తు విడిపోయి పక్కకొచ్చిందా, అసలు అక్షరాల బదులు డబ్బాలే కనబడ్డాయా? తెలుగు పత్రాలకు ఆ పీడీఎఫ్ పనికిరాదు. హెచ్‌టీఎమ్‌ఎల్‌గా దింపి, బ్రౌజర్ నుంచి ప్రింట్ ఇచ్చి పీడీఎఫ్ చేసుకోండి. వచ్చే పాఠంలో బొమ్మలు, లింకులు.