విరిగిన దవడను ముందురోజే చేతికివ్వడం: సీటీ నుంచి త్రీడీ ప్రింట్ దాకా

కింది దవడ విరిగితే టైటానియం ప్లేటును ఎముక వంపుకు తగ్గట్టు వంచడానికే ఆపరేషన్ థియేటర్లో బోలెడు సమయం పోతుంది. అదే దవడ ప్లాస్టిక్‌లో ముందురోజే చేతికొస్తే ఆ పని తీరిగ్గా బల్ల మీద కానివ్వొచ్చు. విశాఖలో వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ ఉన్నా, నమూనా వరకైతే ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పేర్చే మామూలు ఎఫ్‌డీఎం ప్రింటరూ, పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగా చాలు. పని చెడేది ఎక్కువగా ప్రింటర్ దగ్గర కాదు, అంతకు ముందే.

సీటీ స్కాన్ ఫిల్ముతో పని జరగదు, డైకామ్ ఫైళ్లున్న (స్కాన్ బొమ్మల డిజిటల్ రూపం) సీడీ అడగండి. అందులో 5 మి.మీ. మందం స్లైసుల (స్కాన్‌లోని అడ్డకోత బొమ్మల) సిరీస్ ఒక్కటే ఉంటే తీసుకోకండి, దవడ మెట్లు మెట్లుగా వస్తుంది. 1 మి.మీ. లేదా అంతకంటే పలుచటి స్లైసులు కావాలి. స్కాన్‌కు ముందే మాట అందితే, డాక్టరు సరేనంటే, పళ్ల మధ్య దూదిచుట్ట పెట్టించండి. పై పళ్లూ కింది పళ్లూ అతుక్కున్న స్కాన్‌ను విడదీయడం కంటే ఇంకో స్కాన్ కోసం ఎదురుచూడటమే నయమనిపిస్తుంది. రోగి పేరు తీసేశాకే ఫైల్ ముందుకు కదలాలి.

స్కాన్ నుంచి ఎముకను వేరు చేసే త్రీడీ స్లైసర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులోని సెగ్మెంట్ ఎడిటర్‌లో థ్రెషోల్డ్‌ను, అంటే ఏ సాంద్రత నుంచి ఎముకగా లెక్కించాలో చెప్పే హద్దును, 200–250 హౌన్స్‌ఫీల్డ్ (సీటీలో సాంద్రత కొలిచే యూనిట్) దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువైతే పలుచటి ఎముకలో చిల్లులు పడతాయి. తక్కువైతే ఎముక లావెక్కుతుంది, దాని మీద వంచిన ప్లేటు అసలు దవడ మీద వదులుగా కూర్చుంటుంది. లోహపు క్యాపులూ ఫిల్లింగులూ ఉంటే తెల్లటి చారలొస్తాయి, వాటిని ఒక్కో స్లైసులో చేత్తో చెరపాలి. కీలు దగ్గర దవడను పుర్రె నుంచి కత్తిరించాలి. "పెద్ద ముక్క మాత్రమే ఉంచు" అనే బటన్ జోలికి పోకండి: విరిగిన దవడలో రెండో ముక్క దాంతోనే మాయమవుతుంది. స్మూతింగ్ (నునుపు చేయడం) ఎక్కువైతే విరుపు గీత చెరిగిపోతుంది.

అందరూ మరిచేది ఒకటుంది. ముక్కలు జరిగిపోయిన స్థితిలోనే ప్రింట్ తీస్తే, ప్లేటు ఆ తప్పుడు వంపుకే ఒదుగుతుంది. ప్రతి ఎముక ముక్కనూ వేరే సెగ్మెంట్‌గా (విడి భాగంగా) ఉంచి, పళ్ల కాటు చూస్తూ సర్జన్ చేత తెర మీదే సరిచేయించండి. ఆ తర్వాతే ప్రింటింగ్‌కు వాడే ఎస్‌టీఎల్ ఫైల్ తీయండి. కుడి, ఎడమ గుర్తులు నమూనాలోనే అచ్చయ్యేలా చెక్కండి, స్టిక్కర్లను నమ్మకండి.

ప్రింటర్ సెట్టింగులివి: 0.4 మి.మీ. నాజిల్ (ప్లాస్టిక్ వచ్చే మూతి), 0.2 మి.మీ. పొర, అంచున నాలుగు వరసల గోడలు, 20 శాతం ఇన్‌ఫిల్ (లోపలి నింపుడు), నాజిల్ వేడి 205–210 డిగ్రీలు, బెడ్ (నమూనా నిలిచే పలక) వేడి 60. ప్లేటు కూర్చునే బయటి ముఖానికి సపోర్టు (ప్రింటయ్యేటప్పుడు ఆసరాగా అచ్చయి, తర్వాత ఒలిచేసే భాగం) తగలకుండా నమూనాను తిప్పి పెట్టండి, లేకపోతే ఒలిచాక మిగిలే గరుకు ప్లేటును పైకెత్తుతుంది.

ఇక మన సముద్రపు గాలి. వానాకాలంలో స్పూలును రాత్రంతా బయట వదిలేస్తే తీగ తేమ పీల్చేస్తుంది. నాజిల్ దగ్గర చిటపటలు, సాలెపోగుల్లాంటి దారాలు, వంచితే పుటుక్కున విరగడం, ఇవే లక్షణాలు. ఫిలమెంట్ డ్రయ్యర్లో 45–50 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన మూతడబ్బాలోంచే ప్రింటర్‌కు తీగ అందించండి. వంటింటి ఓవెన్ వద్దు, వేడి అదుపు తప్పి చుట్టలు అతుక్కుపోతాయి.

ప్రింట్ చల్లారాక తెర మీద కొలిచిన రెండు మూడు దూరాలను డిజిటల్ కాలిపర్‌తో సరిచూడండి. తేడా అర మిల్లీమీటరు లోపుంటే ఇచ్చేయొచ్చు. 1 మి.మీ. దాటితే మళ్లీ తీయాల్సిందే.

ప్లేటును మెల్లగా ఒకే దిక్కుకు వంచుతూ ఒదిగించండి. అదే చోట అటూ ఇటూ వంచితే లోహం బలహీనపడి తర్వాత నోట్లో విరుగుతుంది. వంచిన ప్లేటును కడిగి, ఆవిరి వేడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌కు పంపండి. నమూనాను మాత్రం పంపకండి: పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఆటోక్లేవ్‌లోని 121 డిగ్రీల్లో ముద్దవుతుంది. థియేటర్లో చూసుకోవాలంటే స్టెరైల్ పారదర్శక కవరులో పెట్టి ఇవ్వండి.