తెరచాప పడవకు చలికాలపు పైకప్పు

మిషిగన్‌లో అక్టోబరు ముగిసేసరికి చాలా తెరచాప పడవలు ఒడ్డెక్కేస్తాయి. పడవ మీద పట్టా కప్పి తాళ్లు బిగిస్తే చాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ముందు చట్రం, తరువాతే పట్టా. ప్లాస్టిక్ టార్పాలిన్ ఒకటి రెండు చలికాలాల్లో చివికిపోయే సరుకు. చట్రం కుదురుగా చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

నా పడవ కాటలినా 22 అనే రకం చిన్న తెరచాప పడవ. వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, బరువు సుమారు ఒక టన్ను. దాని మీద పట్టాను బల్లపరుపుగా పరిచామనుకోండి. ఒక అడుగు మందాన తడి మంచు పేరుకుంటే టన్నుకు పైగా బరువు పడుతుంది. అందుకే వాలు 45 డిగ్రీలకు తగ్గకూడదు. సగం వెడల్పు దాదాపు 4 అడుగులు కాబట్టి, కొప్పు, అంటే కప్పు శిఖరం, కూడా డెక్కు (పడవ పైతలం) అంచు నుంచి 4 అడుగుల ఎత్తున ఉండాలి.

కొప్పు దూలానికి 8 అడుగుల టూ బై ఫోర్ (రెండంగుళాలు బై నాలుగంగుళాలు అని పిలిచే) కొయ్యలు మూడు తీసుకుని, సన్నని అంచు కిందికి వచ్చేలా వరసగా పెట్టి, అతుకుల దగ్గర రెండు వైపులా చెక్క పట్టీలు వేసి బోల్టులు బిగించాను. రెండు చివర్లకూ కాస్త లోపలగా, రెండు అతుకుల కిందా మొత్తం నాలుగు నిట్టాళ్లు. వీటన్నిటినీ ఒకే పొడవుకు కోయకండి. కాక్‌పిట్‌లో (పడవ నడిపేవాళ్లు కూర్చునే పల్లంలో) నిలిచేది పొడవుగా, క్యాబిన్ కప్పు మీద నిలిచేది పొట్టిగా ఉంటుంది. దూలాన్ని తాళ్లతో సమంగా వేలాడదీసి, ఎక్కడికక్కడ కొలిచి కోయడం మేలు. ప్రతి నిట్టాడి కిందా ఒక పలక, దాని కింద పాత తివాచీ ముక్క తప్పనిసరి.

వాసాలు 6 అడుగుల సన్నని పైను చెక్కలు. ఒక్కో జతకు పైన ఒకే బోల్టు, చేత్తో తిప్పే రెక్కల నట్టు. అప్పుడు అవి కత్తెరలా తెరుచుకుంటాయి, విప్పాక మడతపడతాయి. 3 అడుగులకు ఒక జత సరిపోతుంది. బరువు పడితే వాసాల కాళ్లు బయటికి జారుతాయి కనుక, జత కాళ్లను అడ్డంగా తాడుతో కట్టాలి. వాసాల మీదుగా ముందు నుంచి వెనక్కి రెండు మూడు వరసల తాడు లాగి కట్టండి. లేకపోతే వాసాల మధ్య పట్టా గుంటలు పడి నీళ్లు నిలుస్తాయి. డెక్కు చుట్టూ తీగల కంచె ఉంటే, గుంజలతో సహా ముందే ఊడదీయండి. కప్పు బరువు వాటి మీద పడకూడదు.

నాకు 20 బై 30 అడుగుల తెల్ల పట్టా సరిపోయింది. పట్టాను చంపేది మంచు కన్నా గాలి. రెపరెపలాడిన ప్రతిచోటా అరుగుతుంది. బోల్టు తలలు, చెక్క మూలలు, ముక్కు దగ్గరి ఇనుప కడ్డీ, అన్నిటికీ తివాచీ చుట్టండి. పట్టా అంచున తాడు కట్టే రింగు ఊడిపోతే ఇలా చేయండి: నున్నటి గులకరాయిని పట్టా లోపలి వైపు పెట్టి, బయటి నుంచి దాని మెడకు తాడు ఉచ్చు వేసి బిగించండి. ఆ ముడి రింగు కన్నా గట్టిగా పట్టుకుంటుంది.

తాళ్లను పడవ పొట్ట కింది నుంచి అవతలి అంచుకు లాగి కట్టాలి. పడవను నిలబెట్టిన స్టాండ్లకు మాత్రం ఎప్పుడూ కట్టకండి. పెనుగాలికి పట్టా ఎగిరిపడితే స్టాండును కూడా లాగేస్తుంది, పడవ పక్కకు ఒరుగుతుంది. పక్కవాళ్ల పడవకు అలా కట్టి కనిపించినా వెళ్లి చెప్పండి, మొహమాటపడకండి.

ఇక గాలి. ముందూ వెనకా కొప్పు కింద ముక్కోణాలను మూసేయాలనిపిస్తుంది. మూయకండి. గాలి ఆడకపోతే లోపలి చెమ్మ పట్టాకు అంటి చుక్కలుగా రాలుతుంది, వసంతానికి క్యాబిన్ అంతా బూజే. వాన జల్లు పడకుండా పైనుంచి చిన్న పరదా వేలాడదీస్తే చాలు. పరుపులు, బ్యాటరీ ఇంటికి తెచ్చుకోండి. కాక్‌పిట్‌లో నీళ్లు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుపోకుండా చూడండి. లోపల నిలిచిన నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి గొట్టాలను చీలుస్తుంది.

పెద్ద మంచు కురిశాక ఒకసారి వెళ్లి మెత్తని చీపురుతో దులపండి, పార వాడకండి. తాళ్లు వదులైతే అప్పుడే బిగించండి. ఏప్రిల్‌లో విప్పేటప్పుడు ప్రతి చెక్కకూ చెరగని ఇంకుతో నంబరు రాసి, నట్లన్నీ ఒక డబ్బాలో వేసి ఆ డబ్బాను దూలానికే కట్టేయండి.