శాతాలు, వంతుల లెక్కల్లో జవాబు ఎక్కడ తప్పుతోంది?

శ్రీకాకుళంలో సాయంత్రాలు మా అరుగు మీద పిల్లలకు లెక్కలు చెబుతాను. కూడికలు, గుణకారాలు బాగానే చేస్తారు. శాతమో, వంతో కనబడగానే అది దేనిలో అని అడగకుండా గుణించేస్తారు. జవాబు అక్కడే చెడుతుంది.

సమస్య: "మిగిలిన దానిలో" అన్న మాట ఉంటే జవాబు తక్కువ వస్తోంది.

పలాస రైతు దగ్గర 240 కిలోల జీడిపిక్కలు ఉన్నాయి. మూడో వంతు అమ్మాడు. మిగిలిన దానిలో నాలుగో వంతు బాకీ కింద ఇచ్చాడు. ఎన్ని మిగిలాయి? నోటుబుక్కులో ఇలా ఉంటుంది: 1/3 + 1/4 = 7/12; పోయినవి 140, మిగిలినవి 100. కూడిక సరైనదే, జవాబు తప్పు.

కారణం: నాలుగో వంతును కూడా 240లోనే తీశారు. అమ్మాక ఉన్నవి 160 కిలోలే కదా!

పరిష్కారం: పొడవాటి పట్టీ గీసి మూడు గళ్లు చేయండి. గడికి 80 కిలోలు. అమ్మిన గడి కొట్టేయండి. మిగిలిన రెండు గళ్లనూ సగానికి చీల్చండి. 40 చొప్పున నాలుగు వస్తాయి. బాకీకి ఒకటి పోతే మూడు గళ్లు, అంటే 120 కిలోలు. బొమ్మ గీయడం చిన్నపిల్లల పని అనుకుంటారు గానీ, పదో తరగతి వాళ్లతో కూడా నేను గీయిస్తాను.

సమస్య: 20 శాతం పెంచి, 20 శాతం తగ్గిస్తే పాత ధరే అంటున్నారు.

వెయ్యి రూపాయల పొందూరు ఖద్దరు పంచె 1,200 అవుతుంది. తగ్గింపు ఆ 1,200 మీద, అంటే 240. చివరి ధర 960.

సమస్య: వడ్డీ మరీ తక్కువ వచ్చింది.

కారణం మన వాడుకలోనే ఉంది. ఇంట్లో "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు. పుస్తకంలో రేటు సాధారణంగా సంవత్సరానికి. రెండు రూపాయల వడ్డీ లెక్కన పదివేలకు ఏడాది వడ్డీ 200 కాదు, 2,400. నెలకా, ఏడాదికా అన్నది ముందు రాసుకోండి.

సమస్య: తగ్గింపు పోగా 1,350 కట్టాం, తగ్గింపు 10 శాతం. అసలు ధర 1,485 అని వస్తోంది.

కట్టిన సొమ్ము మీద 10 శాతం కలిపారు. తగ్గించింది అసలు ధర మీద. కాబట్టి 1,350 అంటే 90 శాతం; ఒక శాతం 15, నూరు శాతం 1,500. సరిచూడండి: 1,500లో పదో వంతు 150, అది తీసేస్తే 1,350.