ఫ్లైట్ సర్జన్ తొలి నెలలు – 5వ పాఠం: నీళ్లు ఎప్పుడు తాగారు?

గత పాఠంలో చెవులు, జలుబు గురించి చదువుకున్నాం. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని, చెవుల్లోకి గాలి ఎక్కించడం వచ్చేసిందనుకుంటాను. రాకపోతే ముందు అది పూర్తి చేసి ఈ పాఠానికి రండి. ఈ రోజు పాఠం పెద్దది.

మధ్యలో చేరినవారికి ఒక మాట. వైద్యం చదివి, అమెరికా వైమానిక దళంలో ఫ్లైట్ సర్జన్‌గా చేరి, విదేశంలో ఉన్న ఫైటర్ స్క్వాడ్రన్‌కు మొదటిసారి వెళ్తున్నవారి కోసం ఈ పాఠాలు రాస్తున్నాను. పేరులో సర్జన్ ఉన్నా ఇది ఆపరేషన్లు చేసే ఉద్యోగం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1918లో అమెరికా సైన్యం పైలట్లను కనిపెట్టుకుని ఉండే డాక్టర్లను తయారు చేసుకుంది. వాళ్లకు పెట్టిన పేరే ఇప్పటికీ నిలిచింది.

నాకు పోస్టింగ్ ఉత్తర జపాన్‌లోని మిసావాకు వచ్చింది. ఎఫ్-16 విమానాలు. నేను వెళ్లింది చలికాలం మొదట్లో. రన్‌వే దాటితే సముద్రం, ఆ నీళ్లు మనిషిని నిమిషాల్లో చలితో బిగదీసేస్తాయి. ఈ పాఠానికి ఆ చల్లని నీళ్లతో సంబంధం ఉంది. ఎలాగో కాసేపట్లో చెప్తాను.

ముందు ఒక లెక్క

నేల మీద మనల్ని కిందికి లాగే భూమి ఆకర్షణను 1 జీ అంటారు. ఎఫ్-16 గట్టిగా మలుపు తిరిగితే 9 జీ వరకు వెళ్తుంది. అంటే ఒంట్లో ప్రతిదీ తొమ్మిది రెట్ల బరువు అవుతుంది. తల, హెల్మెట్ కలిపి ఏడు కిలోలనుకుంటే అక్కడ 63 కిలోలు. రక్తం కూడా అంతే. గుండె దాన్ని పైకి తోయాలి, అదేమో కాళ్లలోకి జారిపోతుంటుంది.

కాగితం తీసుకోండి. కూర్చున్న మనిషిలో గుండె నుంచి కన్ను దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తుకు రక్తం ఎక్కాలంటే ఒక్కో జీకి, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, సుమారు 22 మిల్లీమీటర్ల రక్తపోటు ఖర్చవుతుంది. గుండె దగ్గర పై రక్తపోటు 120 అనుకుందాం. నేల మీద 1 జీలో కంటి దగ్గర మిగిలేది 98. 3 జీలో 54. 4 జీలో 32. 5 జీలో 10.

ఇప్పుడు కంటి సంగతి చూడండి. కంటి లోపలే 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉంటుంది. దాన్ని దాటి వస్తేనే రక్తం రెటీనాకు చేరుతుంది. మెదడుకు ఆ అడ్డు లేదు. అందుకే ముందు చూపు పోతుంది, ఆ తర్వాతే స్పృహ పోతుంది. రంగులు వెలిసిపోతాయి, అంచుల నుంచి చీకటి ముంచుకొస్తుంది, చివరికి పూర్తిగా నల్లబడుతుంది. అప్పటికీ మనిషి వింటూనే ఉంటాడు, ఆలోచిస్తూనే ఉంటాడు. ఈ వరుసను మీ సొంత మాటల్లో రాసుకోండి, పైలట్ చెప్పే మాటల్లో మీరు వెతకాల్సింది దీన్నే.

లెక్కలో లేని సంగతి ఒకటుంది. జీ నెమ్మదిగా పెరిగితేనే ఈ హెచ్చరికలు వరుసగా వస్తాయి. మెదడులో నిల్వ ఉన్న ఆక్సిజన్ నాలుగు నుంచి ఆరు సెకన్లకు సరిపోతుంది. పడిపోయిన రక్తపోటును గుండె, రక్తనాళాలు తమంతట తాము సరిచేసుకోవడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఫైటర్ విమానం ఒకటి రెండు సెకన్లలోనే పెద్ద జీకి చేరగలదు. అలా చేరితే చూపు మసకబారకుండానే స్పృహ పోవచ్చు. పోతే సుమారు పన్నెండు సెకన్లు ఏమీ తెలియదు. తెలివొచ్చాక ఇంకో పన్నెండు సెకన్లు ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో అర్థం కాదు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ఆ 24 సెకన్లలో విమానం ఎంత దూరం పోతుందో మీరే లెక్కవేయండి. ఐదు కిలోమీటర్లు దాటుతుంది. విమానం ముక్కు కిందికి ఉంటే అంత ఎత్తు ఉండదు. నేలను గుద్దుకోబోతున్న విమానాన్ని తనంతట తానే పైకి లేపే ఏర్పాటు 2014 నుంచి ఎఫ్-16లలో వచ్చింది. అది కాపాడిన ప్రాణాలున్నాయి. అయినా అది చివరి అడ్డుగోడ మాత్రమే, మన పని దానికి చాలా ముందు మొదలవుతుంది.

ఊపిరి, కండరాలు: సాధన

పైలట్‌కు రక్షణ మూడు వైపుల నుంచి వస్తుంది. ఎఫ్-16 సీటు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, దాంతో గుండెకూ కంటికీ మధ్య ఎత్తు కొంచెం తగ్గుతుంది. జీ-సూట్ గాలితో ఉబ్బి కాళ్లనూ పొట్టనూ నొక్కుతుంది, దాని వల్ల ఒకటి, ఒకటిన్నర జీ కలిసొస్తుంది. అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చేది పైలట్ సొంతంగా బిగపట్టడం వల్ల. సరిగ్గా చేస్తే మూడు జీల దాకా. సూట్ ఎంత మంచిదైనా ఇది రాకపోతే 9 జీ దగ్గర నిలబడలేరు.

కుర్చీలో నిటారుగా కూర్చోండి. బలమంతా పెట్టకండి, నాలుగో వంతు చాలు. ఇక్కడ మనకు కావలసింది లయ. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భవతులు ఇది చేయకండి, చదివి వదిలేయండి.

ముందు పిక్కలు, తొడలు, పిరుదులు బిగించండి. తర్వాత పొట్ట. ఛాతీ నిండా గాలి తీసుకుని గొంతు మూసేయండి. ‘హిక్’ అంటూ ఆఖరి శబ్దం దగ్గర ఆగిపోతే గొంతు ఎలా బిగుసుకుంటుందో అలా. మూసిన గొంతు మీదికి ఛాతీతో నెట్టండి. ఒకటి, రెండు, మూడు. ఇప్పుడు ఒక్క సెకను లోపల కొంచెం గాలి వదిలి, మళ్లీ నింపుకుని, మూసేయండి. ఒకటి, రెండు, మూడు. కాళ్లు మాత్రం మొదటి నుంచి చివరి దాకా వదలకూడదు.

మూడు సెకన్లే ఎందుకు? ఛాతీలో పెంచిన ఒత్తిడి రక్తాన్ని తలకు తోస్తుంది, అదే ఒత్తిడి కింది నుంచి గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని ఆపేస్తుంది. ఎక్కువసేపు పట్టుకుంటే గుండెలో తోయడానికి ఏమీ మిగలదు. ఎక్కువసేపు వదిలితే తలలో ఒత్తిడి పడిపోతుంది. ఈ రెండింటి మధ్య సన్నని దారి అది.

పదిసార్లు చేశాక మీకే తెలుస్తుంది, ఊపిరి మార్చుకునేటప్పుడు కాళ్లు వాటంతట అవే వదులవుతాయి. అందరికీ జరిగే పొరపాటు ఇది. రెండోది గాలి మొత్తం వదిలేయడం. మూడోది ఆలస్యంగా మొదలుపెట్టడం. జీ రాకముందే బిగించాలి, వచ్చాక బిగిస్తే అప్పటికే రక్తం కాళ్లకు చేరిపోయి ఉంటుంది.

రెండు సీట్ల ఎఫ్-16లో వెనక సీట్లో నేను మొదటిసారి ఎగిరినప్పుడు ఈ మూడో పొరపాటే చేశాను. ముందు సీట్లోంచి పైలట్ ‘రెడీ డాక్?’ అని అడిగారు. రెడీ అన్నాను. మలుపు మొదలయ్యాక ఊపిరి తీసుకున్నాను. 5 జీ దగ్గర ఎదురుగా ఉన్న గడియారాల రంగు పోయింది, చుట్టూ ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు అయిపోయింది. పాఠంలో చదివినదే. కానీ ఆ క్షణంలో భయం వేసింది, దిగాక ఆ భయాన్ని ఎవరికీ చెప్పాలనిపించలేదు. ఆ చెప్పాలనిపించకపోవడాన్ని గుర్తుపెట్టుకున్నాను, అది తర్వాత చాలా పనికొచ్చింది. మీకు వెనక సీటు అవకాశం వస్తే ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు వెళ్లండి. ఎఫ్-16 కంటే కొత్త ఫైటర్ విమానమైన ఎఫ్-35కు ఒకటే సీటు, ఆ స్క్వాడ్రన్ల డాక్టర్లకు సొంత విమానంలో ఈ అనుభవం దొరకదు.

రబ్బరు మెడ సూట్

ఇప్పుడు చల్లని నీళ్ల సంగతి. సముద్రం చల్లగా ఉన్న రోజుల్లో పైలట్లు లోపలికి నీళ్లు రాని యాంటీ ఎక్స్‌పోజర్ సూట్ వేసుకుంటారు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతైన రబ్బరు పట్టీలుంటాయి. విమానం నుంచి సముద్రంలో పడితే ప్రాణం నిలిపేది అదే. దాని పైన జీ-సూట్, పారాచూట్ పట్టీలు, లైఫ్ జాకెట్. అన్నీ వేసుకున్నాక మూత్రానికి వెళ్లడం ఎంత కష్టమో ఒకసారి వేసుకుని చూడండి. చదివితే అర్థం కాదు. కాక్‌పిట్‌లో వాడుకోవడానికి సంచి ఇస్తారు. పట్టీలు వదులు చేసి, ఇన్ని జిప్పులు దాటి, విమానం నడుపుతూ దాన్ని వాడాలి. మొదట్లో ఈ పరికరాలన్నీ మగవాళ్ల కోసమే తయారయ్యాయి, మహిళా పైలట్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

అందుకని చాలామంది ఒక ఉపాయం చేస్తారు. నీళ్లు తాగరు.

స్క్వాడ్రన్‌లో ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న పైలట్ ఒకరుండేవారు. క్లినిక్‌కు వచ్చినప్పుడల్లా ‘ఏమైనా ఇబ్బందులున్నాయా?’ అని అడిగేదాన్ని. ‘ఏమీ లేవు డాక్’ అనేవారు. రెండు నెలలు ఆ జవాబునే రాసుకున్నాను. ఒక రోజు మధ్యాహ్నం సూట్లు వేసుకునే గదిలో ఊరికే నిలబడి ఉన్నాను. ఆయన పొద్దున ఎగిరి వచ్చి రెండోసారి వెళ్లడానికి సిద్ధమవుతున్నారు. బల్ల మీద ఆయన పేరున్న నీళ్ల సీసా మూత కూడా తీయకుండా ఉంది.

‘చివరిసారి నీళ్లు ఎప్పుడు తాగారు?’ అని అడిగాను.

‘పొద్దున ఐదింటికి. కాఫీ.’

అప్పుడు టైము ఒంటిగంట.

‘పొద్దున మలుపుల్లో రంగులు ఎప్పుడు పోయాయి?’

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. మామూలుగా పోని చోట పోయాయట. అంతకుముందు వారం కూడా అలాగే జరిగిందట.

లెక్క దగ్గరికి వెళ్లండి. ఒంట్లో నీరు తగ్గి గుండె దగ్గర రక్తపోటు 120 నుంచి 110కి దిగిందనుకుందాం. 22తో భాగించి చూడండి. 5.4 జీ దగ్గర సున్నా అవ్వాల్సింది 5 జీ దగ్గరే అవుతుంది. పది మిల్లీమీటర్లకు దాదాపు సగం జీ పోయింది. నిజమైన శరీరం ఇంత సూటిగా లెక్క ప్రకారం నడవదు, కానీ దిశ మాత్రం ఇదే.

ఆ మధ్యాహ్నం ఎగరొద్దన్నాను. కాగితం మీద రాయాల్సిన అవసరం రాలేదు, ఆయనే షెడ్యూల్ నుంచి తప్పుకున్నారు. మరుసటి రోజు నేలమీదే, పూర్తి సూట్‌తో సీట్లో కూర్చుని ఆ సంచిని వాడటం సాధన చేశారు. తర్వాత మరో ఇద్దరు వచ్చి అదే అడిగారు, ఆ ఇద్దరినీ నేను పిలవలేదు.

ఎలా అడగాలి

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు పని ఇదే. ఊపిరి సాధన కూడా దీనికోసమే చేయించాను.

పైలట్ దృష్టిలో మీరు ఎవరో మరిచిపోకండి. మీ సంతకంతో ఆయన ఎగరడం ఆగిపోతుంది. దాన్ని డీనిఫ్ అంటారు, ఎగరడం తప్ప మిగతా డ్యూటీలన్నీ చేయొచ్చని దానికి అర్థం. 2992 నంబరు ఫారం మీద మీరు రాసే రెండు మాటలు చూసి ఆయనకు టెన్షన్ రావడం సహజం. ‘ఇబ్బందులున్నాయా?’ అన్న ప్రశ్నకు ఉన్నాయంటే నష్టం, లేవంటే ఏ నష్టమూ లేదు. అలాంటి ప్రశ్న వేసి నిజం చెప్పలేదని పైలట్‌ను తప్పుపట్టకూడదు. ఆ తప్పు ప్రశ్నది.

అందుకే ఉందా లేదా అని అడగకండి. ఎప్పుడు, ఎంత, ఎక్కడ అని అడగండి. ‘చూపు మసకబారిందా?’ బదులు ‘రంగులు ఎన్ని జీల దగ్గర పోయాయి?’ అనండి. పోవడం మామూలే అని మీకు తెలుసని ఆ ప్రశ్నలోనే ఆయనకు తెలుస్తుంది. ‘బాగా నిద్రపోయారా?’ బదులు ‘రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు?’ అనండి. డ్యూటీకి ముందు పన్నెండు గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు నిద్రకు వీలుండాలని నియమం. వీలు ఉండటం వేరు, నిద్రపట్టడం వేరు. సముద్రాలు దాటి కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి వారమంతా ఆ తేడా ఉంటుంది.

ఎక్కడ అడుగుతారన్నది కూడా ముఖ్యం. క్లినిక్ గదిలో నాకు నెలల తరబడి దొరకని జవాబు సూట్ల గదిలో ఒక్క నిమిషంలో దొరికింది. అయితే పదిమంది మధ్య అడగకండి, ఒక్కరే ఉన్నప్పుడు అడగండి. విన్న వెంటనే పెన్ను తీయకండి. ఆపాల్సి వస్తే మాత్రం ఆపండి, ఎందుకు ఆపుతున్నారో, తిరిగి ఎప్పుడు చూస్తారో అక్కడే చెప్పండి. తేదీ చెప్పకుండా ఆపితే ఆ పైలట్ మళ్లీ మీ దగ్గరికి రాడు.

వచ్చే పాఠంలోపు చేయాల్సినవి

ఊపిరి లయను రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి అర నిమిషం చేయండి. గడియారం చూస్తూ మొదలుపెట్టి, నాలుగో రోజు నుంచి గడియారం లేకుండా చేయండి. పక్కన ఎవరినైనా మీ తొడ మీద చేయి వేసి ఉంచమనండి, ఊపిరి మార్చేటప్పుడు వదులైందో లేదో వాళ్లు చెప్తారు.

పై రక్తపోటు 130, 110, 100 ఉన్న ముగ్గురికి, కంటి దగ్గర 20 మిల్లీమీటర్లు మాత్రమే మిగిలేది ఎన్ని జీల దగ్గరో లెక్క కట్టండి. 100 ఉన్న మనిషికి వచ్చిన జవాబు పక్కన, ఆయన్ను మీరు అడగబోయే మూడు ప్రశ్నలు రాయండి. ఉంది, లేదు అని జవాబు చెప్పగలిగేది ఒక్కటి కూడా అందులో ఉండకూడదు.

ఆరో పాఠం మెడ గురించి. 63 కిలోల తలను పక్కకు తిప్పి వెనక్కి చూసే మనిషి మెడకు ఏమవుతుందో, ఆ నొప్పిని ఎందుకు దాస్తారో చూద్దాం. ఒక టవల్ దగ్గర పెట్టుకోండి, సాధనకు కావాలి.