అమెరికా ఎమ్మెస్ అప్లికేషన్ ఫీజు కట్టే ముందు ఒక్క మెయిల్ పెట్టండి

ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్న వాళ్లకి ఒక మాట. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో అప్లికేషన్ ఫీజు 75 నుంచి 125 డాలర్ల దాకా ఉంటుంది, ఏడెనిమిది చోట్ల వేస్తే ఇంట్లో అడగడానికే మొహమాటం వేసేంత అవుతుంది. కట్టే ముందు ఫీజు వేవర్, అంటే ఫీజు మాఫీ, ఉందేమో చూడండి.

కొన్ని చోట్ల వేవర్ అమెరికా పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే, అది వెబ్‌సైట్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి అక్కడ టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. మిగతా చోట్ల అడ్మిషన్స్ ఆఫీసుకి కాకుండా నేరుగా మీరు అప్లై చేసే డిపార్ట్‌మెంట్‌లో మాస్టర్స్ వ్యవహారాలు చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టండి, ఎందుకంటే కొన్ని డిపార్ట్‌మెంట్ల దగ్గర సొంతంగా ఇచ్చే వేవర్ కోడ్‌లు ఉంటాయి, అడిగినవాళ్లకే వస్తాయి. కష్టాల కథ పేజీలు పేజీలు వద్దు. పేరు, ఏ ప్రోగ్రామ్, ఏ సెమిస్టర్, ఫీజు ఎందుకు భారమో రెండు వాక్యాలు, అంతే. వాళ్లు పెట్టే ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెషన్లకి కూడా రిజిస్టర్ అవ్వండి, హాజరైనవాళ్లకి వేవర్ ఇచ్చే యూనివర్సిటీలున్నాయి.

ముఖ్యంగా సబ్మిట్ కొట్టకముందే అడగాలి. కట్టేశాక డబ్బు వెనక్కి రావడం దాదాపు ఉండదు. డిసెంబర్ 15 డెడ్‌లైన్ అయితే నవంబర్‌లోనే మెయిల్ వెళ్లిపోవాలి, చివరి వారంలో జవాబిచ్చే తీరిక వాళ్లకి ఉండదు.

"అప్లికేషన్ ఫ్రీ" అనే కన్సల్టెన్సీలతో మాత్రం జాగ్రత్త, ఆ ఫ్రీ చాలాసార్లు వాళ్లకి కమీషన్ వచ్చే యూనివర్సిటీలకే!