పూలమొక్కలకు మందు కొట్టే ముందు ఆ సీసా సంగతి చూడండి

టెక్కలిలో మా పక్క వీధి ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన కుర్రవాడు పోయిన నెల పిట్టగోడ మీది కూల్‌డ్రింక్ సీసా తీసి ఒక గుక్క తాగాడు. అందులో ఉన్నది మందారానికి పట్టిన పిండినల్లి కోసం తెచ్చి పెట్టుకున్న పురుగుమందు. వాసన తగలగానే ఉమ్మేశాడు. అయినా ఎనిమిది రోజులు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. డాక్టరు మొదట అడిగింది ‘ఏ మందు?’ అని. ఎవరికీ తెలియదు. పలాస వైపు జీడితోట ఉన్న మరిది తన డబ్బాలోంచి కాస్త వంపి ఇచ్చాడని మాత్రం ఇంటావిడ చెప్పగలిగింది. ఆ మరిది ఫోను ఎత్తేసరికి గంటన్నర గడిచింది.

శ్రావణం దగ్గర పడింది. వానలతో పాటు పురుగులూ వస్తాయి, శుక్రవారం పూజకు పూలూ కావాలి. అందుకే ఇది రాస్తున్నాను. చేతులు కడుక్కోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి వంటివి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి వెళ్లను. నేను చెప్పేది ఒక్కటే: మందును వేరే సీసాలోకి వంపకండి, వంపించుకుని తెచ్చుకోకండి.

పెరట్లో పది మొక్కలున్నవారు ఎవరూ షాపుకు వెళ్లి మందు కొనరు. మనకు కావలసింది చెంచాడు, డబ్బా కొంటే మిగతాది దండగ. అందుకని తోట ఉన్న బంధువునో, మొక్కజొన్న వేసిన పొరుగాయననో అడుగుతాం. ఆయన మొహమాటానికి ఖాళీ నీళ్ల సీసాలో పోసి ఇస్తాడు, ‘ట్యాంకుకు ఒక మూత వేయండి’ అంటాడు. ఆయన ట్యాంకు 16 లీటర్లది. మన చేతి స్ప్రే అర లీటరుది. అదే మూత అందులో వేస్తే మోతాదు 32 రెట్లు అవుతుంది. మర్నాటికి గులాబీ ఆకులు మాడిపోతే పురుగు తిన్నదనుకుని మళ్లీ కొడతాం!

సీసా మారితే పోయేది పేరొక్కటే కాదు. డబ్బా మీద గాలిపటం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే దాని తర్వాతది, ఆపైన నీలం, ఆకుపచ్చ. చదువు రానివారికి కూడా తెలియాలని పెట్టిన రంగులవి. కూల్‌డ్రింక్ సీసా మీద ఆ రంగు ఉండదు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఆ మందుకు వాడిన డబ్బాలో నూనె పోశారన్నది అప్పుడు బయటపడిన సంగతి. అక్కడ మందు డబ్బాలోకి తిండి వచ్చింది, ఇక్కడ తిండి సీసాలోకి మందు వచ్చింది. తప్పు ఒకటే.

నిజానికి పెరటి పూలకు ఈ మందులు చాలాసార్లు అక్కర్లేదు. పిండినల్లిని గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి రాల్చవచ్చు. మిగిలినదానికి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె సరిపోతుంది. నూనెను ముందు సబ్బు నీటిలో కలపాలి, లేకపోతే పైన తేలుతుంది. అమరిల్లిస్ ఆకుల మీద నల్లటి ఒంటికి తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళిపురుగులు కనిపిస్తే పుల్లతో తీసి సబ్బు నీళ్లలో పడేయండి. డే లిల్లీ మొగ్గలు విచ్చకుండానే గోధుమరంగుకు తిరిగి రాలుతుంటే అది చాలావరకు తామర పురుగుల పని, ఆ మొగ్గలు తుంచి దూరంగా పారేయండి. ఆకు అడుగున వేలికి నారింజ రంగు పొడి అంటితే అది తుప్పు తెగులు, శిలీంధ్రం. పురుగుమందు దానికి పనిచేయదు, ఆకులు కోసేయాలి. వాననీరు నిలిచి దుంప కుళ్లితే మందు కాదు, కాలువ కావాలి. ఇంత చెప్పినా ఏదో ఒక మందు పోస్తే గానీ కొందరికి తృప్తి ఉండదు, వారి కోసమే మిగతాది.

గులాబీ కుండీల్లో వేయమని పెద్దవాళ్లు ఇచ్చే ఫోరేట్ గుళికలు వద్దు. దేశంలో వాటిని 2020 చివర్లోనే నిషేధించారు, అటక మీద మిగిలినవి ఇంకా తిరుగుతున్నాయి.

పూలమడుల మధ్య గడ్డికి పారాక్వాట్ వద్దు. దానికి విరుగుడు లేదు. చేత్తో పీకండి.

రెండు మందులు కలపవద్దు.

తేనెటీగలు పూల మీద ఉన్నప్పుడు కొట్టవద్దు. సాయంత్రం కొట్టండి.

సముద్రం గాలి వీస్తున్నప్పుడు అసలే వద్దు, మీరు కొట్టింది పక్కింటి దండెం మీది బట్టల మీద పడుతుంది.

మందు కొట్టిన పూలు తలలో పెట్టుకోవద్దు.

స్ప్రే గొట్టం మూసుకుపోతే నోటితో ఊదవద్దు.

బావి దగ్గర కడగవద్దు.

కలిపిన మందు మిగిలితే దాచవద్దు. దాచాలంటే మళ్లీ సీసా వెతుకుతారు.

ఖాళీ డబ్బాకు చిల్లులు పొడవండి. బియ్యం కొలవడానికి కాదు, కిరోసిన్‌కూ కాదు.

ఇంట్లో ఇప్పటికే పేరు లేని సీసా ఉంటే దాన్ని వాడవద్దు. మోరీలో పోయవద్దు. తాళం వేసి, ఇచ్చినవారికి ఈరోజే తిరిగి ఇచ్చేయండి.

ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు, చింతపండు రసం, పాలు ఏవీ పట్టవద్దు. వాంతి చేయించవద్దు. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేయండి. డబ్బా వెంట తీసుకెళ్లండి.

ఆ కుర్రవాడు మొన్న మళ్లీ పనిలోకి వచ్చాడు. నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటున్నాడు, మాకు ఎవరికీ చెప్పకుండా నిచ్చెన పక్కనే పెట్టుకుంటున్నాడు.