ఇంట్లో రేడియేషన్ డిటెక్టర్: ఎలా ఎంచుకోవాలి? ఎలా వాడాలి?

ఎదురు బిల్డింగ్ మీద సెల్ టవర్ లేచినప్పటి నుంచి మా పక్కింటి మాస్టారికి ఒకటే టెన్షన్. ఆన్‌లైన్‌లో 'రేడియేషన్ డిటెక్టర్' తెప్పించి, డాబా ఎక్కి టవర్ వైపు పట్టుకున్నారు. అంకె కదల్లేదు. వస్తువు పాడైందేమో చూడమని నా చేతికిచ్చారు. అది గైగర్ కౌంటర్. ఏమీ పాడవలేదు. టవర్ నుంచి వచ్చే తరంగాలను పట్టుకోవడం దాని పని కాదు, అంతే. కొనేముందు ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆయనకు ఆ డబ్బు, ఆ దిగులు రెండూ తప్పేవి.

1. ముందు ఏ రేడియేషన్ సంగతో తేల్చుకోండి

సెల్ టవర్, వైఫై, మైక్రోవేవ్ ఓవెన్, హైటెన్షన్ తీగలు ఒక జాతి. వీటి తరంగాలకు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడబెరికేంత శక్తి ఉండదు. వీటిని కొలిచేది ఈఎంఎఫ్ (విద్యుదయస్కాంత క్షేత్రం) మీటర్. యురేనియం, థోరియం, కోబాల్ట్-60 లాంటి రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే ఆల్ఫా, బీటా, గామా కిరణాలు వేరే జాతి. ఎక్స్‌రేలదీ ఇదే జాతి. గైగర్ కౌంటర్ వీటి కోసమే.

అమ్మేవాళ్లు రెండింటికీ ఒకే పేరు పెడుతున్నారు కాబట్టి పేరు చూసి కొనొద్దు, ఫొటోలో తెర మీద ఏ యూనిట్లున్నాయో చూడండి. మిల్లీగాస్, వోల్ట్స్ పర్ మీటర్ అని ఉంటే అది ఈఎంఎఫ్ మీటర్. గంటకు మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు కొలత) అనో, సీపీఎం (నిమిషానికి ఎన్ని టిక్కులు) అనో ఉంటే గైగర్.

ఇంకో సంగతి. మన ఊళ్లలో బండి నంబర్ ప్లేట్లకు అంటించే మెరిసే స్టిక్కర్‌ని 'రేడియం' అంటాం. అందులో రేడియం ఉండదు, పడ్డ వెలుతురును వెనక్కి కొడుతుందంతే. అసలు రేడియం 1960ల దాకా వచ్చిన కొన్ని గడియారాల్లో, చీకట్లో వెలిగే అంకెల్లో ఉండేది. తాతగారి పెట్టెలో అలాంటిది ఉంటే డిటెక్టర్ ఇట్టే పట్టేస్తుంది. దాని అద్దం మాత్రం విప్పొద్దు. లోపలి రంగు పొడై ఊపిరిలోకి పోతే ప్రమాదం.

2. ఎలాంటిది కొనాలి?

చేతిలో పట్టే మీటర్లలో ఎక్కువ భాగం ట్యూబు రకం. వేలెడు పొడవు గాజు గొట్టమో లోహపు గొట్టమో ఉంటుంది. లోపల వాయువు, దానికి దాదాపు 400 వోల్టుల కరెంటు. ఒక కిరణం దూరగానే ఆ వాయువులో క్షణకాలం కరెంటు పారి, మనకు 'టిక్' మని వినిపిస్తుంది. ఇవి బీటాను, గామాను పట్టుకుంటాయి. ఆల్ఫా కణాలు కాగితాన్ని కూడా దాటలేవు, గొట్టం గోడను ఎక్కడ దాటతాయి? వాటి కోసం పలుచటి అభ్రకం కిటికీ ఉన్న ట్యూబులు ఉంటాయి. మన గూడూరు గనుల్లో తవ్వే అభ్రకం లాంటిదే, పొరగా చీల్చి అమరుస్తారు. వేలు తగిలినా ఆ కిటికీ చిరుగుతుంది, కాబట్టి పిల్లలున్న ఇంటికి అది వద్దంటాను.

రేడియాకోడ్ అనే పేరుతో వచ్చే మీటర్ల లాంటివి ఇంకో రకం. వీటిలో సీజియం అయొడైడ్ స్ఫటికం ఉంటుంది. చాలా సున్నితంగా పనిచేస్తాయి, ఆ కిరణం ఏ పదార్థం నుంచి వచ్చిందో కూడా చెప్పగలవు. ధర బాగా ఎక్కువ. ఇంటి అవసరానికి ట్యూబు రకం సరిపోతుంది.

కొనేటప్పుడు నేను చూసేవి ఇవి. టిక్కుల లెక్క, మైక్రోసీవర్ట్ రెండూ చూపాలి. పది నిమిషాల మొత్తం లెక్కపెట్టే వీలుండాలి. లోపల ఏ ట్యూబు ఉందో అమ్మేవాళ్లు చెప్పాలి, చెప్పకపోతే వదిలేయండి. తెర మీది మైక్రోసీవర్ట్ అనేది టిక్కుల నుంచి కట్టిన లెక్క. సాధారణంగా సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థంతో సరిచూసి పెడతారు కాబట్టి వేరే పదార్థం దగ్గర అది తప్పొచ్చు.

తాగే నీళ్లు, కూరగాయలు మంచివో కాదో ఈ మీటర్ చెప్పలేదు. గదిలో రాడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) ఎంతుందో కూడా చెప్పలేదు. ఆ పనులకు ల్యాబ్ గానీ వేరే పరికరం గానీ కావాలి.

3. మీ ఇంటి అంకె కనుక్కోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దీన్నే వదిలేసి, మీటర్ ఆన్ చేయగానే ఇల్లంతా తిరుగుతారు.

హాల్లో ఒక స్టూలు వేసి మీటర్‌ను దాని మీద పెట్టండి. ఫ్యాన్ ఆపి వినండి. టిక్, టిక్ అని వెంటవెంటనే రెండు వస్తాయి. తర్వాత ఐదారు సెకన్లు నిశ్శబ్దం. మళ్లీ ఒక్కసారిగా మూడు. లోపమేమీ లేదు, కిరణాలు వచ్చే తీరే అంత. నేలలోంచి, గోడల్లోంచి, ఆకాశం నుంచి అవి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. చిన్న ట్యూబుకు నిమిషానికి 20, 30 టిక్కులు మామూలు. ఈ నిమిషం 19, పై నిమిషం 32 వచ్చినా కంగారు పడొద్దు.

అందుకే పది నిమిషాలు లెక్కపెట్టాలి. మొత్తం 250 వచ్చిందనుకోండి. దాని వర్గమూలం సుమారు 16, అంటే అటో ఇటో 16 తేడా సహజం. రెండోసారి 262 వస్తే ఏమీ మారనట్టే. 340 వస్తే మాత్రం ఏదో ఉంది.

హాలు, పడకగది, వంటగది గట్టు, డాబా, ఒక్కోచోట పది నిమిషాలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోండి. గంటకు 0.1 నుంచి 0.2 మైక్రోసీవర్ట్ చాలా ఇళ్లలో కనిపించేదే. హైదరాబాద్ గ్రానైట్ బండల మీద కట్టిన ఊరు. ఆ రాతిలో పొటాషియం, యురేనియం, థోరియం సహజంగానే ఉంటాయి కాబట్టి అంకె కాస్త పైన ఉండొచ్చు. భీమిలి తీరపు ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం ఉంది, అక్కడా అంతే. ఎవరి అంకె వారిదే. విజయవాడలో ఉన్న చెల్లెలి ఇంటి అంకెతో పోల్చుకుని భయపడటం అనవసరం.

4. తెలిసిన వస్తువుతో పరీక్షించండి

ఎరువుల దుకాణంలో ఒక కిలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ తీసుకుని పలుచటి పాలిథిన్ కవర్లో కట్టండి. పొటాషియంలో కొద్ది భాగం సహజంగానే రేడియోధార్మికమైన పొటాషియం-40. ట్యూబు ఉన్న వైపు కవర్‌కి ఆనించి పది నిమిషాలు ఉంచితే లెక్క మీ ఇంటి అంకెను స్పష్టంగా దాటుతుంది. దాటిందంటే మీటర్ పనిచేస్తున్నట్టే.

పెట్రోమాక్స్ లైటు మాంటిల్ దొరికితే ఇంకా బాగా తెలుస్తుంది. థోరియంతో చేసిన మాంటిల్ అయితే టిక్కులు వాన చినుకుల్లా రాలతాయి. దాన్ని కవర్లోంచి తీయకుండానే చూడండి. ఆనించి ఒకసారి, జానెడు దూరంలో ఒకసారి, మూరెడు దూరంలో ఇంకోసారి లెక్కపెట్టండి. దూరం జరిగేకొద్దీ అంకె ఎంత త్వరగా పడిపోతుందో మీకే తెలుస్తుంది. మధ్యలో స్టీలు పళ్లెం అడ్డుపెడితే బీటా చాలావరకు ఆగి ఇంకా తగ్గుతుంది.

5. అంకె పెరిగితే?

ముందు మళ్లీ పది నిమిషాలు లెక్కపెట్టండి, బ్యాటరీ చూడండి. ఇంట్లో ఎవరికైనా ఈమధ్య థైరాయిడ్‌కు అయోడిన్ వైద్యం గానీ న్యూక్లియర్ స్కాన్ గానీ జరిగిందా? అయితే ఆ టిక్కులు ఆ మనిషి నుంచే వస్తుండొచ్చు. వైద్యంలో ఇచ్చే రేడియోధార్మిక అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. ఆసుపత్రి వాళ్లు చెప్పిన జాగ్రత్తలు పాటించండి, ఆ మనిషిని చూసి బెదిరిపోకండి.

పాత ఇనుప సామానులో, ఊరికే పడి ఉన్న బరువైన సీసపు డబ్బా దగ్గర అంకె ఎగబాకితే మాత్రం వేరు. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత యంత్రం స్క్రాప్ దుకాణానికి చేరింది. లోపల కోబాల్ట్-60 ఉంది. దాన్ని విప్పినవాళ్లకు తెలియదు. ఒకరు చనిపోయారు, కొందరు ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ల దగ్గర ఇలాంటి చిన్న మీటర్ ఒక్కటున్నా బాగుండేది.

అందుకే అనుమానం ఉన్న వస్తువు దగ్గరికి దూరం నుంచే మీటర్ ఆన్ చేసుకుని వెళ్లండి. అంకె మీ ఇంటి అంకెకు పది రెట్లయితే అక్కడే ఆగి వెనక్కి రండి. పసుపు మీద మూడు రెక్కల గుర్తు కనిపించినా అంతే. ముట్టుకోవద్దు, విప్పొద్దు, సుత్తితో కొట్టొద్దు. చుట్టుపక్కల వాళ్లను దూరం జరిపి 112కి ఫోన్ చేయండి. ఒక్కటి గుర్తుంచుకోండి. రేడియేషన్ మరీ ఎక్కువైతే చిన్న ట్యూబు ఉక్కిరిబిక్కిరై అంకె సున్నాకి పడిపోవచ్చు. పెరుగుతూ వచ్చిన అంకె ఉన్నట్టుండి పడిపోతే తగ్గిందనుకుని ముందుకు వెళ్లకండి.

దుమ్మున్న చోట కొలిచేటప్పుడు మీటర్‌ను పలుచటి కవర్లో పెట్టండి, తర్వాత ఆ కవర్ పారేయొచ్చు. వాడనప్పుడు బ్యాటరీ తీసేయండి.

మాస్టారు తన మీటర్ వెనక ఒక ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో రాసుకున్నారు: హాలు 24, వంటిల్లు 28, డాబా 21.